మార్పిడిలో తిరిగొచ్చిన అమితి

అమితి పుట్టింది బాహ్లిక దేశంలో, వక్షు నదికి దగ్గర్లోని ఒక మట్టికోట ఊళ్లో. ఆ ఊరి పేరు చెప్పినా ఇప్పుడు దారి చూపగలిగేవాళ్లు లేరు. మాసిడోనియా రాజు సైన్యం వచ్చిన ఏడాది ఆ ఊరు ఒక్క పూటలో పోయింది. మగవాళ్లను గోడ దగ్గరే నరికేశారు. ఆడవాళ్లనూ పిల్లలనూ మందలో గొర్రెల్ని వేరుచేసినట్టు వేరుచేసి పంచుకున్నారు. పెళ్లీడుకొచ్చిన అమితి, డెర్దాస్ అనే కాలిబంటు వంతుకు వచ్చింది.

డెర్దాస్‌కు అప్పటికే నలభై దాటాయి. మాసిడోనియా కొండల్లో మేకలు కాసిన చేతులతో ఈటె పట్టినవాడు. వెండి డాళ్ల దళంలో అతడిది ముందువరస. కొట్టే మనిషి కాదు. అంతకు మించిన మంచిమాట అతడి గురించి అనుకోవడానికి అమితికి ఏళ్లు పట్టింది. మొదట్లో అతడు తెచ్చిన బార్లీని తిరగలిలో విసిరేది, రొట్టె కాల్చేది, రాత్రి గుడారం గుడ్డవైపు తిరిగి పడుకునేది. ఒక్క మాట మాట్లాడేది కాదు.

ఒకసారి నడకలో ఆమెకు విషజ్వరం తగిలింది. జబ్బు పడ్డవాళ్లను దారిలో వదిలేసి రమ్మని పైనుంచి ఉత్తర్వు. డెర్దాస్ తన మూటను స్నేహితుడు క్రతెవాస్ నెత్తిన పెట్టి, ఆమెను వీపున మోసుకుని కొండ దిగాడు. కళ్లు తెరిచాక అమితి యవన భాషలో మొదటి మాట మాట్లాడింది. అది సైనికుల నోట రోజూ వినే పచ్చి బూతు. నీళ్లు కావాలంటే ఏమనాలో ఆమెకు తెలియదు మరి. క్రతెవాస్ కింద పడి నవ్వాడు.

"ఒరేయ్ డెర్దాస్, ఇన్నాళ్లూ మూగదనుకున్నాం కదరా! నీ అసలు పేరు పట్టేసింది చూడు."

అలా మొదలైన సంసారం. ముగ్గురు పిల్లలు పుట్టారు. ఒక మగపిల్లవాడు ఎడారి నడకలో దాహానికి పోయాడు, ఇంకొకడు బాబిలోన్ దోమలకు పోయాడు. మిగిలింది అదెయ. తన తల్లి పేరు పెట్టుకున్నాడు డెర్దాస్. ఆ పిల్ల తండ్రి డాలును వెల్లకిలా పెడితే అందులో నిద్రపోయి పెరిగింది. చిన్నప్పుడు పాలకుండ మీద పడి కుడి మణికట్టు దగ్గర కాలిన మచ్చ ఒకటి ఉండేది.

రాజు బాబిలోన్‌లో జ్వరంతో పోయాక ఆయన సేనానులు రాజ్యం కోసం ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నారు. వెండి డాళ్ల దళం వాళ్లు ముసలివాళ్లయ్యారు. ఇళ్లకు పంపుతామని ప్రతి సేనానీ అన్నాడు, ఒక్కడూ పంపలేదు. చివరికి ఒక గ్రీకు సేనాని కిందికి వచ్చారు. ఆయన మాసిడోనియావాడు కాదనీ, ఒకప్పుడు రాజు దగ్గర రాతపని చేసినవాడనీ వీళ్లకు చిన్నచూపు. అయినా తిండి పెట్టేవాడు, పక్కన కూర్చుని తినేవాడు.

"ఈ ఒక్క యుద్ధం అయిపోనీవే. మా ఊరు పోదాం. మా వాగు నీళ్లు ఎంత చల్లనో తెలుసా? తాగితే పళ్లు ఊడతాయి" అనేవాడు డెర్దాస్.

"నీకున్నవి నాలుగు. ఊడితే మాత్రం ఏం?" అనేది అమితి.

"నాన్నా, అక్కడ నాకు మేకలిస్తావా?" అనేది అదెయ.

"మేకలేంటే, కొండే ఇస్తా."

ఆ ఒక్క యుద్ధం ఒక చలికాలం ఉప్పు మైదానంలో జరిగింది. ఎదురుగా ఉన్నది ఒంటికంటి సేనాని. ఆయనా మాసిడోనియావాడే, ఒకప్పుడు ఇదే రాజు కింద వీళ్లతో కలిసి నడిచినవాడే. పొద్దున్నే ముసలివాళ్లు కవచాలు బిగించుకుంటూ మోకాళ్లు నొక్కుకున్నారు. బళ్ల దగ్గర సారా అమ్ముకునే బాబిలోన్ మనిషి నిదింతు, క్రతెవాస్‌ను చూసి గట్టిగా అంది.

"ఏం తాతా, వంగితే లేవలేవు, నువ్వెళ్లి ఏం పొడుస్తావు?"

"లేవలేననే వంగడం మానేశానే తల్లీ. నిలబడే పొడుస్తా."

ఆడవాళ్లందరూ నవ్వారు. అదెయ తండ్రి డాలును తన కొంగుతో తుడిచి చేతికిచ్చింది. ముసలివాళ్లు వరస కట్టి నడిచారు.

కాసేపటికి ఏనుగులూ గుర్రాలూ తొక్కిన ఉప్పునేల తెల్లటి దుమ్మై లేచింది. పక్క బండి కనపడలేదు. కేకలు వినపడుతున్నాయి గానీ ఎటువైపునుంచో తెలియలేదు. ఆ దుమ్ములోనుంచి గుర్రాలు వచ్చాయి. తమవాళ్లేననుకుని నిదింతు చెయ్యి ఊపింది. వచ్చినవాళ్లు ఒంటికంటి సేనాని పంపిన రౌతులు, ఉత్తరాన మీదియా దేశంవాళ్లు. అడ్డొచ్చిన కాపలావాళ్లను పొడిచేసి, బళ్లతో సహా ఆడవాళ్లనూ పిల్లలనూ తోలుకుపోయారు. యుద్ధభూమిలో డెర్దాస్ వరస ఎదుటివాళ్లను ఊచకోత కోస్తూ గెలుస్తోందన్న సంగతి వీళ్లకు తెలియదు. వెనక బళ్లు పోయాయన్న సంగతి వాళ్లకు తెలియదు.

ఆ సాయంత్రమే పంపకం మొదలైంది. అమితి కూతురి జుట్టు కత్తిరించి, మొహాన బూడిద పూసి, తన దుప్పటి కింద దాచుకుంది. ఒక రౌతు వచ్చి దుప్పటి లాగాడు. తడిగుడ్డతో పిల్ల మొహం తుడిచి చూశాడు. వాడి వెంట ఉన్నవాడు పకపకా నవ్వాడు.

"ఒరే స్పితకా, మీ నిసా మైదానంలో గుర్రాలకే మేత చాలట్లేదు. ఇంకొకదాన్ని ఎక్కడ కడతావురా?"

మీదియా మాట అమితి పుట్టింటి మాటకు దగ్గర. ఆ రెండు పేర్లూ ఆమె చెవిలో పడ్డాయి. స్పితక. నిసా మైదానం. ఆమె వాడి కాళ్ల మీద పడి తన భాషలో బతిమాలింది. వాడు ఆశ్చర్యపోయి ఒక క్షణం ఆగాడు, అంతే. పిల్ల చెయ్యి పట్టుకుని లేపాడు.

"అమ్మా, అరవకు. అరిస్తే నిన్ను కొడతారు. నాన్న వస్తాడుగా" అంది అదెయ. ఏడవలేదు. వాడి గుర్రం మీద వెనక్కి తిరిగి కూర్చుని, దుమ్ములో కలిసిపోయేదాకా తల్లివైపే చూసింది. తెల్లారేసరికి ఆ రౌతుల గుంపు లేదు. చలి ముదరకముందే తమ మైదానాలకు వెళ్లిపోయారని నిదింతు వాకబు చేసి చెప్పింది.

ఇక్కడ ఇది జరుగుతుండగా అవతల ముసలివాళ్ల శిబిరంలో ఇంకొకటి జరిగింది. గెలిచి తిరిగొస్తే బళ్లు లేవు. పెళ్లాలు లేరు, పిల్లలు లేరు. వాళ్లలో కొందరు రహస్యంగా ఒంటికంటి సేనానికి కబురు పెట్టారు. మా వాళ్లను మాకివ్వాలంటే నీకేం కావాలని అడిగారు. మీ గ్రీకువాణ్ణి అప్పగించండి అని జవాబొచ్చింది. వాళ్లు అప్పగించారు.

రెండు రోజులు గడిచాక బందీలను మైదానం మధ్యకు తెచ్చి నిలబెట్టారు. అటునుంచి ముసలివాళ్లు నడుస్తూ, దగ్గరకొచ్చేకొద్దీ పరుగు లాంటిది తీస్తూ వచ్చారు. పేర్లు పిలుచుకుంటున్నారు, కావలించుకుంటున్నారు, చిన్నపిల్లల్ని ఎత్తి చూసుకుంటున్నారు. డెర్దాస్ అమితిని చూశాడు. దగ్గరకొచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు. పట్టుకుని ఆమె వెనక్కి చూశాడు.

"పిల్లేదీ?"

అమితి ఉత్తరంవైపు చూసింది.

"అమితీ, పిల్లేదే? ఎవరి దగ్గర ఉంది?"

"తీసుకుపోయారు."

"ఎవరు తీసుకుపోయేది? అందర్నీ ఇస్తామన్నారుగా! ఒట్టేశారుగా!"

"మొదటి రోజే తీసుకుపోయారయ్యా. నువ్వు అడిగేటప్పటికే అది ఇక్కడ లేదు."

అతడి చెయ్యి ఆమె భుజం మీదనుంచి జారింది. చుట్టూ అంత సందడిలో అతడు మెల్లగా ఉప్పునేల మీద కూలబడ్డాడు. అరచేతులు తెరిచి చూసుకున్నాడు.

"ఆ గ్రీకాయన్ని కట్టినవాళ్లలో నేనూ ఉన్నానే. తాడు ఒక కొస నేనే లాగాను. ఆయన నావైపు చూశాడు. నువ్వు కూడానా అన్నట్టు చూశాడు. నా కూతురుందయ్యా అని మనసులో అనుకుని బిగించాను."

అమితికి ఆ మాటతో తన విలువ తెలిసింది. ఒక మనిషిని చంపడానికి అప్పగిస్తే బదులుగా వచ్చినది తను. ఆ మార్పిడిలో అడిగినది వేరు, వచ్చినది వేరు. డెర్దాస్ ఆ మాట ఏనాడూ అనలేదు. అననందుకే ఆమె బతికినన్నాళ్లూ అది విన్నట్టే ఉండేది.

మర్నాడు డెర్దాస్ గెలిచినవాళ్ల శిబిరానికి వెళ్లి సామాన్ల పెత్తనం చూసే అధికారి లిసానియాస్‌ను కలిశాడు. తోడు వెళ్లిన క్రతెవాస్ తరువాత అమితికి చెప్పాడు. ఆ కుర్ర అధికారి ఆలివ్ కాయలు నములుతూ విన్నాడట.

"పట్టుకున్నదంతా ఇచ్చేశాం తాతా."

"నా కూతుర్ని ఇవ్వలేదు బాబూ. నిసా మైదానంవాడట, స్పితక అని. ఒక మనిషిని పంపితే చాలు."

"మీదియా దొరల రౌతుల మీదికి మనిషిని పంపమంటావా? నీ పిల్ల కోసం? వాళ్లలో ఎంతమంది స్పితకలున్నారో తెలుసా?"

"ఒట్టేశారు కదా బాబూ."

ఆ అధికారి గింజ ఉమ్మేసి నవ్వాడట. "మీ సేనాని కూడా మీ ఒట్టునే నమ్ముకున్నాడు. ఒట్ల గురించి మీ దళంవాళ్లు నాకు చెప్పకూడదు తాతా. వెళ్లు."

గ్రీకు సేనానిని చంపేశారు. ముసలివాళ్లు దాని గురించి మాట్లాడుకోలేదు. పొయ్యి చుట్టూ కూర్చుని నిప్పువైపు చూసేవాళ్లు. వేరే దళాల కుర్రాళ్లు దారినపోతూ, "ఏం పెద్దాయనా, ఈసారి ఎవర్ని అమ్ముతున్నారు?" అని అడిగి పోయేవాళ్లు. క్రతెవాస్ అంతటివాడు కూడా తిరిగి ఒక్క మాట అనలేకపోయేవాడు.

వీళ్లను నమ్మి దగ్గర ఉంచుకోవడం ఒంటికంటి సేనానికి ఇష్టం లేదు. దళాన్ని విడగొట్టి, కొందరిని తూర్పున గాంధారానికి ఇవతల ఉన్న హరహ్వతి సీమకు పంపమని ఆజ్ఞ అయింది. డెర్దాస్ కొండలు పడమట. కూతురు ఉత్తరాన. అతడిని తూర్పుకు నడవమన్నారు. మీదియాలో ఉండిపోనివ్వమని దండనాయకుడి కాళ్లు పట్టుకున్నాడు. కొరడా దెబ్బలు తిని వచ్చాడు. అమితి వీపుకు నూనె రాస్తుంటే మెల్లగా అన్నాడు.

"నువ్వు ఉండిపో. వెతుకు."

"ఒంటరి ఆడదాన్ని ఆ మైదానానికి చేరనిస్తారా? మొదటి ఊళ్లోనే నన్ను కట్టేస్తారు. నీకు తెలియదా?"

తెలుసు. ఇద్దరూ కలిసి తూర్పుకు నడిచారు.

నడిచేకొద్దీ దారి పక్క మనుషుల మాట అమితికి తెలిసిన మాటలోకి మారింది. ఎండు మల్బరీ పళ్ల పేరు, పెరుగు పేరు, తల్లి తనను పిలిచిన తీరు అన్నీ చెవిన పడ్డాయి. ఒకచోట బావి దగ్గర ఒక ముసలమ్మతో ఆ భాషలోనే మాట కలిపింది. ముసలమ్మ ఆమె యవన కట్టునూ వెనకనున్న వెండి డాళ్లనూ చూసి కడవ ఎత్తుకుని వెళ్లిపోయింది. పుట్టిన నేల దగ్గరపడుతున్నకొద్దీ తనకు అక్కడ ఎవరూ లేరన్నది ఇంకా బాగా తెలిసింది.

హరహ్వతి కోటలో వీళ్లను కొద్దికొద్దిమందిగా దూరపు కనుమల కాపలాకు పంపేవాళ్లు. ముందు వెళ్లినవాళ్ల కబురు రాలేదు. దూరం కదా అనుకున్నారు. ఒకరోజు డెర్దాస్ పేరు పిలిచారు, క్రతెవాస్ పేరు కూడా. బయల్దేరేవాళ్లకు దారి పిండి తీసుకోవడానికి అమితి కోట గాదెకు వెళ్లింది. అక్కడ కొలిచే ఇద్దరు మనుషులు ఆమె ముందే తమ భాషలో మాట్లాడుకున్నారు.

"గోధుమపిండి ఎందుకురా వీళ్లకి? పొట్టు కలుపు."

"పైవాళ్లు అడిగితే?"

"ఎవరడుగుతారు? ఆ కనుమలో నీళ్లే లేవు. పోయినోళ్లు ఒక్కడైనా తిరిగొచ్చాడా? తిరిగి రాకూడదనేగా పంపేది. కోట పెద్దాయన నోటితో అన్నదే నేను విన్నా."

"నెమ్మదిరా, ఆవిడ వింటోంది."

"యవనుడి పెళ్లాంరా. దానికేం తెలుస్తుంది?"

అమితి పొట్టు కలిపిన పిండి మూట పట్టుకుని ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. డెర్దాస్ గడప మీద కూర్చుని చెప్పుకు తోలు కుట్టుకుంటున్నాడు.

"వెళ్లకు. చంపడానికే పంపుతున్నారు. గాదె దగ్గర నా చెవులారా విన్నాను. నీళ్లు కూడా లేవట. మనం ఉత్తరానికి పారిపోదాం. నాకు దారి తెలుసు, మాట తెలుసు. నువ్వు మూగవాడివని చెప్తాను."

డెర్దాస్ సూది ఆపలేదు. "తెలుసే."

"ఏం తెలుసు?"

"మేమందరం అనుకుంటున్నదే. కట్టి అప్పగించిన చేతుల్ని ఎవడు ఉంచుకుంటాడు చెప్పు? నేనే సేనానినైతే నేనూ ఇదే చేస్తాను."

"తెలిసి ఎందుకు పోతావయ్యా?"

"మీ ఊరివాళ్లను నరికినవాణ్ణి మీ ఊరి దారినే తీసుకుపోతావా? మూగవాడినైతే నా మొహం మారుతుందా?" అని, ఇంకో కుట్టు వేసి అన్నాడు. "నాకిక నడవాలని లేదు అమితీ. ఎటూ నడవాలని లేదు. వీళ్లు చూపించిన వైపు పోతే, కనీసం ఎటు పోవాలో ఆలోచించనక్కర్లేదు."

"మరి నేనో?"

అతడు దారానికి ముడి వేశాడు. తోలు కుట్టడం ముగించాడు. ఆమె అతడిని తిట్టింది, రొమ్ము మీద కొట్టింది, చివరికి కాళ్లు పట్టుకుంది. అతడు ఆమె తల నిమిరాడు, అంతే. ఆ పూట పొట్టు పిండిని ఆమె రెండుసార్లు జల్లించి, మిగిలిన కాస్త తెల్లపిండితో దారికి రొట్టెలు కాల్చింది.

పొద్దున్నే కోట ద్వారం దగ్గర ఆ పిడికెడు మంది ముసలివాళ్లు నిలబడ్డారు. క్రతెవాస్ అమితి దగ్గరకొచ్చాడు.

"నేను పోయానని తెలిస్తే మా ఆవిణ్ణి ఓదార్చమ్మా."

"నీకు ఆవిడెక్కడుంది అన్నా?"

"లేదు కదూ. అయితే నువ్వే కాస్త ఏడువు. ఎవరో ఒకరు ఏడవాలిగా."

డెర్దాస్ వెనక్కి చూడలేదు. కాళ్లకు కొత్త తోలు చెప్పులు, వీపున డాలు. మలుపు తిరిగేదాకా ఆ వెండి ఎండకు మెరిసింది.

వాళ్లు తిరిగి రాలేదు. మరుసటి ఏడాది సంతలో రొట్టెలు అమ్మే ఒకామె పిండి గంగాళం మీద గుండ్రటి కర్రమూత పెట్టడం అమితి చూసింది. అంచున మేకుల గుర్తులు, మధ్యలో ఊడదీసిన రేకు తాలూకు మరక. డాలే. ఎవరిది అని అడిగింది. కొండవాళ్లు అమ్మారు, బాగా మూసుకుంటుంది అని చెప్పింది ఆమె. డాళ్లన్నీ ఒకేలా ఉంటాయి. అమితి కాసేపు నిలబడి, పక్కకు తిరిగి వెళ్లిపోయింది.

తరువాత ఆమె కోట పొయ్యిల దగ్గర రొట్టెలు కాల్చే పనికి కుదిరింది. రొట్టెలు కాల్చుతూ జుట్టు నెరిసింది. మీదియానుంచి గుర్రాలు తోలుకొచ్చే వర్తకులు వసంతంలో వచ్చేవాళ్లు. వాళ్లందరికీ వేడి రొట్టె పెట్టి ఒకటే అడిగేది. నిసా మైదానం, స్పితక, మణికట్టు మీద కాలిన మచ్చ. కొందరు నవ్వారు, కొందరు సరే అని మరిచిపోయారు. దాతమ అనే వర్తకుడు మాత్రం మరిచిపోలేదు. ఒక వసంతంలో గుర్రాల్ని కట్టేసి నేరుగా పొయ్యి దగ్గరకే వచ్చాడు. వచ్చినవాడు రొట్టె అందుకోలేదు.

"కనపడిందమ్మా."

అమితి చేతిలో పిండి ముద్ద అలాగే ఉండిపోయింది.

"బతికే ఉంది. ఆ స్పితక ఇంట్లోనే. ముగ్గురు కొడుకులు. మచ్చ చూశాను."

"నా పేరు చెప్పావా? అమ్మ బతికుందని చెప్పావా నాయనా?"

దాతమ గడ్డం గోక్కున్నాడు. "చెప్పాను."

"ఏమంది?"

"వద్దులే అమ్మా. బాగానే ఉంది, అది చాలదూ?"

"నాయనా, నీ బిడ్డల మీద ఒట్టు. అన్నది అన్నట్టు చెప్పు."

అతడు నేలవైపు చూస్తూ చెప్పాడు. "మా నాన్న వచ్చి తనకు కావాల్సినవాళ్లను తీసుకుపోయాడని విన్నాను, అంది. ఎంతమందికో పిల్లలు తిరిగి దొరికారట, అంది. చలికాలమంతా దారి చూశాను, నాకోసం ఎవరూ రాలేదు. నాకు అమ్మా నాన్నా లేరని చెప్పు, అంది."

పొయ్యిలో రొట్టె మాడింది. అమితి దాన్ని తీయలేదు. మళ్లీ ఎప్పుడు వెళ్తావని అడిగింది. వేసవి రాకముందే అన్నాడతను. వెళ్లేరోజు ఆమె అతడి గుర్రం పగ్గం పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. లిసానియాస్ సంగతి, కొరడా దెబ్బల సంగతి, తూర్పుకు నడిపించిన సంగతి. దాతమ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంత నాకు గుర్తుండదమ్మా. చిన్నది చెప్పు."

అమితి ఆలోచించింది. "మీ నాన్న నన్ను చూసి మొదట అడిగింది నీ గురించే అని చెప్పు. నన్ను చూసిన సంతోషం కూడా ఆయనకు లేదని చెప్పు."

దాతమ తల ఊపి వెళ్లాడు. ఆ వేసవిలోనే పడమట సేనానుల మధ్య మళ్లీ యుద్ధం లేచి దారులు మూసుకుపోయాయి. ఈలోగా వాళ్లందరూ రాజులమని కిరీటాలు పెట్టుకున్నారట. దాతమ మళ్లీ రాలేదు. కబురు చేరిందో లేదో చెప్పేవాళ్లు లేరు.

కొన్నేళ్లకు ఆ రాజుల్లో ఒకరు హరహ్వతి సీమను సింధు నది అవతలి రాజుకు ఇచ్చేశారు. బదులుగా ఏనుగులు తీసుకున్నారు. కోటలో యవనులు వెళ్లి కొత్తవాళ్లు వచ్చారు. రొట్టెలు ఎవరైనా తింటారు గనక అమితి పని పోలేదు. ఒకనాడు మధ్యాహ్నం ఆ ఏనుగులు సంతవీధి గుండా బారులు తీరి పోతుంటే జనం గోడలెక్కి చూశారు. పడమటికి పోతున్నాయని, మీదియా మీదుగానేనని ఎవరో అన్నారు.

అమితి పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. దుమ్ములో ఒక ఏనుగు పక్కన తడబడుతూ నడుస్తూ పైనున్న మావటిని కేకేసింది. "అయ్యా! నిసా మైదానం! స్పితక! అదెయ! అదెయ అయ్యా!"

మావటి కిందికి చూశాడు. అతడిది సింధుకు చాలా దూరంలో ఉన్న ఏదో ఊరు. ఆమె మాట అతడికి ఒక్క ముక్క తెలియలేదు. ముసలిది ఆకలికి అడుక్కుంటోందనుకున్నాడు. నడుముకు కట్టుకున్న సంచిలోంచి పిడికెడు పేలాలు తీసి, జాలిగా, ఆమె చాచిన చేతుల్లోకి వదిలాడు. ఏనుగు ముందుకు సాగింది.